సున్నా తీపి, సున్నా ఐసు

మా నరసన్నపేట అంతర్జాతీయమైపోయిన సంగతి ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నాకు తెలియడానికి కారణం, అది నా ఉల్లిపాయల గోడౌన్‌లో జరగడం.

నా గోడౌన్ అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బజార్లో మా కిరాణా కొట్టుకి వెనక సందులో ఒక పక్క జ్వరాల డాక్టరు ఆసుపత్రి, ఇంకో పక్క రక్తపరీక్షల ల్యాబు, మధ్యలో ఆ గది. మా నాన్న పోయేముందు దాన్ని మా అక్క పేర రాశాడు. అక్క సాలూరులో కాపురం ఉండేది. కాబట్టి ఆ కాగితం బీరువాలోనూ, నా ఉల్లిపాయలూ బెల్లమూ సగ్గుబియ్యం బస్తాలూ గదిలోనూ ఎవరి మానాన వాళ్ళు హాయిగా ఉన్నారు.

అక్క మొగుడు, అంటే మా బావ, సాలూరులో లారీల మనిషి. ఏ ఊరు దాటాక ఏ కొండ ఘాటీ వస్తుందో, ఏ చెక్‌పోస్టులో ఎవరికి ఏ భాషలో నమస్కారం పెట్టాలో ఆయనకి నోటికి వచ్చు. ఆయన ఒక్క కేక వేస్తే క్లీనర్లు లారీ కింద పడుకున్నవాళ్ళు లారీ పైన తేలేవారు. అలాంటి మనిషికి లారీలు ఒక్కొక్కటిగా చేజారిపోయాయి. ఆఖరిది పోయిన రోజున ఆయన మంచమెక్కాడు. అక్క ఆయన్ని తీసుకుని మా ఇంటి మేడ మీది వాటాలోకి వచ్చేసింది.

రెండేళ్ళు. జబ్బేమీ లేదని డాక్టర్లందరూ తేల్చారు. ఆయన నోట మిగిలింది ఒకే మాట. అన్నం తింటావా అంటే "నేదు". నొప్పి ఏమైనా ఉందా అంటే "నేదు". నిద్ర పట్టిందా, నేదు. మేడ మీద మనిషున్నాడా అని ఎవరైనా అడిగినా ఆయనే లోపల్నించి నేదనేలా ఉండేవాడు.

బావామరుదులన్నాక పరాచికాలు ఉంటాయి. మొదట్లో నేను మేడెక్కినప్పుడల్లా, "ఏటి బావా, బండి ఇంకా గేరేజీలోనేనా?" అనేవాణ్ణి. నవ్వుతాడని. నవ్వలేదు. కొన్నాళ్ళకి మేడెక్కడమే మానేశాను. కొట్లో పని ఎక్కువైందని అక్కకి చెప్పాను. నా కొట్లో పని నిజంగా ఎక్కువైతే నేను ఊరంతా పంచదార పంచుదును.

ఒకరోజు అక్క ఫోను చేత్తో పట్టుకుని కొట్టుకి వచ్చింది.

"తమ్ముడూ, గది కాళీ సేసీయ్. టీ కొట్టు పెడతన్నాం."

"బస్సు కాంప్లెక్సు దగ్గిర టీ కొట్లు తక్కువైపోనాయేటి?"

"అలగటి టీ కాదురా. విదేశాల కంపెనీ. బబుల్ టీ."

"అంటే బుడగల టీయా? బుడగలు ఎంతసేపుంటాయే అక్కా?"

అక్క నవ్వలేదు. బల్ల మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "మీ బావ మంచం దిగాలంటే, దిగి ఎల్లడానికి ఒక సోటుండాల. ఇదీ పోతే ఆ మనిషి ఇంక దిగడు. నువ్వు ఎటకారం ఆడుకో, గది మాత్రం ఇచ్చీయ్."

ఇచ్చేశాను. ఎటకారం మాత్రం ఉంచుకున్నాను.

కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి ఏరియా మేనేజరు వచ్చింది. చదువుకున్న పిల్ల, చలాకీ పిల్ల. ల్యాప్‌టాప్ తెరిచి ప్రపంచపటం చూపించింది. దాని నిండా గులాబీరంగు చుక్కలు. ప్రతి చుక్కా ఒక కొట్టు. మా అక్కకి చేతులు జోడించి, "మేడమ్, మీరు నరసన్నపేటలో షాపు పెట్టడం లేదు. అంతర్జాతీయ విస్తరణలో భాగస్వాములవుతున్నారు" అంది. మా అక్క ఆ మాటని రెండుసార్లు చెప్పించుకుంది.

తరవాత ఆ అమ్మాయి రెండు రోజులు సందు మొదట్లో గొడుగేసుకుని నిలబడి వచ్చేపోయే జనాన్ని లెక్కపెట్టింది. దాన్ని ఫుట్‌ఫాల్ సర్వే అంటారట. ఇంత ఇరుకు సందులో ఇంత జనమా అని మురిసిపోయింది. ఆ కాళ్ళన్నీ రక్తపరీక్షకి వెళ్ళే కాళ్ళని, అందరి మోచేతి మడతలోనూ దూది ఉందని ఆవిడ చూడలేదు. నేను చెప్పొచ్చు. గోడౌన్ పోయిన కోపంలో ఊరుకున్నాను.

నెల తిరక్కుండా నా గోడౌన్‌కి అద్దాలు వచ్చాయి, ఏసీ వచ్చింది, గోడంతా ప్రపంచపటం వచ్చింది. ఉల్లిపాయల వాసన మాత్రం పోలేదు. ఎన్ని అగరొత్తులు వెలిగించినా అది పునాదుల్లోంచి వస్తూనే ఉంది. పటంలో మా ఊరికీ ఒక చుక్క పెట్టారు. అక్క బావని బతిమాలి, బెదిరించి, రిక్షాలో తీసుకొచ్చి ఆ పటం ముందు నిలబెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. మా చుక్క బంగాళాఖాతంలో పడింది. కళింగపట్నం దాటి నీళ్ళలో.

"ఇక్కడ రోడ్డు నేదు," అన్నాడు బావ.

ఆయన నోట నేదుతో పాటు ఇంకో రెండు మాటలు కలిసి రావడం ఆ రెండేళ్ళలో అదే మొదలు. అక్క పమిటతో కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం, కంపెనీ వాళ్ళు మాకు చేపల రేవు మంజూరు చేశారని నలుగురికీ చెప్పుకు తిరిగాను.

ఆయన్ని వారం రోజులు విశాఖపట్నం పంపి శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చేసరికి ఒంటికి గులాబీరంగు ఏప్రను, నెత్తిన గులాబీరంగు టోపీ, టోపీకి రెండు చెవులు. ఆ చెవుల కింద మా బావ మీసాలు. వచ్చిన ప్రతివాణ్ణీ రెండు ప్రశ్నలు అడగాలట, ఏ దేశంలో అయినా ఇవే ప్రశ్నలట. పంచదార ఎంత? ఐసు ఎంత? నిండుగానా, సగమా, పావా, సున్నానా? ఆయన ఆ ప్రశ్నల్ని చెక్‌పోస్టు దగ్గర కాగితాలు అడిగినట్టు అడిగేవాడు. కుర్రాళ్ళు భయపడి సగం సగం అనేవారు.

సరుకు ఏసీ బండిలో వచ్చింది. బబుల్ టీలో బుడగలంటే గాలి బుడగలు కావు, నల్లటి గుండ్రటి పూసలు, కంపెనీ భాషలో పెర్ల్స్. నేను ఒకటి కొరికి చూశాను. సగ్గుబియ్యం. అదే కర్రపెండలం పిండి, అదే ఉండ. నల్లరంగు పూసుకుని, ఓడెక్కి తిరిగొచ్చి, నా సగ్గుబియ్యాన్ని నా గోడౌన్‌లోంచి తరిమేసిన సగ్గుబియ్యం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నిజమే. కానీ ఇది మనింటి కూరే, చుట్టం వేషంలో వచ్చి పీట వేయమంటోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు పండగ పాయసం సంగతి వదిలేస్తే, సగ్గుబియ్యం అంటే పథ్యం. ఎవరైనా సగ్గుబియ్యం జావ తాగుతున్నారంటే వాళ్ళకి జ్వరం వచ్చి తగ్గుతోందని అర్థం. నా కొట్లో ఎవరైనా పావుకిలో సగ్గుబియ్యం అడిగితే పొట్లం కడుతూ, "ఎవరికి బాగోనేదు?" అని అడుగుతాను. మా నాన్న అలాగే అడిగేవాడు. అడక్కపోతే అమర్యాద. ప్రపంచమంతా తిరిగిన కంపెనీకి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి పదిహేను రోజులూ అక్కాబావా పొద్దున్నే తలుపులు తీసేవారు. కాలేజీ పిల్లలు వచ్చారు. నలుగురు కలిసి ఒక గ్లాసు కొని నాలుగు స్ట్రాలు అడిగేవారు. అద్దం పక్కన కూర్చుని ఫొటోలు దిగేవారు. వాళ్ళని ఆసుపత్రికి వచ్చినవాళ్ళు బయటినించి చూసేవారు. గ్లాసు అడుగున సగ్గుబియ్యం కనపడేది. ఇంక మనసు ఆగేది కాదు. తలుపు తోసుకు వచ్చి, "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదా? ఎన్నాళ్ళయినాది జొరం? పరీక్ష సేయించినావా?" అని తల నిమిరేవారు. ఒక పెద్దాయన ఒక కుర్రాడి నాడి కూడా పట్టుకుని చూశాడు. వారం తిరిగేసరికి పిల్లలు రావడం మానేశారు. సానుభూతి దెబ్బకి మూతపడబోయిన కొట్టు బహుశా ప్రపంచంలో అదొక్కటే.

మూడు నెలల్లో అమ్మకాలు పెరక్కపోతే లైసెన్సు ఇంకొకరికి ఇస్తామని మేనేజరు అమ్మాయి ఫోనులో చాలా మర్యాదగా చెప్పింది. అక్క ఆ ఫోను మాట్లాడాక నా కొట్టు ముందు నించి వెళ్తూ నావైపు చూడలేదు. బావ మధ్యాహ్నం వేళ మళ్ళీ మేడ మీదకి వెళ్ళి పడుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడొకరోజు నా పాత కాటా గోడౌన్‌లో మిగిలిపోయిందేమో చూద్దామని వెళ్ళాను. బావ టోపీ తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు తోసుకుని ఒక ముసలమ్మ వచ్చింది. ఒక చేతిలో మందుల చీటీ, రెండో చేత్తో మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నాయినా, ఇది సగ్గుబియ్యం జావేనా? ఈయనికి టైపాయిడ్ తగ్గినాది. డాట్రుబాబు జావ తాగమన్నాడు. మా ఊరెల్లి కాసేసరికి ఈయన పడిపోతాడు. ఇస్తావేటి?"

బావ ఆవిణ్ణి చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. "పంచదార ఎంత?" అన్నాడు.

"పంచదారొద్దు."

"ఐసు ఎంత?"

"జొరం మనిషికి ఐసేటి నాయినా? ఏడిగా ఉండాల. ఉన్నాదా?"

బావ మిషను మీద వేలితో నొక్కుతూ పోయాడు. పంచదార సున్నా. ఐసు సున్నా. టీ వద్దు. పాలు వేడి. మిషను దేనికీ అడ్డు చెప్పలేదు.

"ఉన్నాది," అన్నాడు బావ.

నేను కాటా సంగతి మరిచిపోయాను. రెండేళ్ళ తరవాత ఆ మనిషి నోట ఏదో ఉందని వినడం అదే మొదలు.

నల్లపూసలు ముసలాయనకి నమలడానికి రాలేదు. సాగాలి, పంటికి తగలాలి, అదే మా ప్రత్యేకత అని కంపెనీ పుస్తకంలో రాసుకున్నారు. పళ్ళున్నవాళ్ళు రాసుకున్న పుస్తకం. బావ వాటిని వెనక్కి తీసుకెళ్ళి మెత్తగా జావయ్యేదాకా మళ్ళీ ఉడకబెట్టాడు, చిటికెడు ఉప్పు వేశాడు. ముసలాయన లావుపాటి స్ట్రాతో చివరిదాకా తాగి, "బాగున్నాది గొట్టం," అన్నాడు. అలా మా ఊళ్ళో టీ లేని, తీపి లేని, చల్లదనం లేని, బుడగ కూడా మిగలని బబుల్ టీ పుట్టింది.

మర్నాడు నలుగురొచ్చారు. వారం తిరిగేసరికి పక్క డాక్టరు చీటీ రాస్తూనే, "పక్కనే దొరుకుతుంది, తాగి బస్సెక్కండి" అనడం మొదలుపెట్టాడు. ల్యాబులో పరగడుపున రక్తమిచ్చినవాళ్ళు దూది నొక్కుకుంటూ ఇటే వచ్చేవారు. బావ తెల్లారకుండా లేచి పాలకి వెళ్ళేవాడు. ఎవరిది ఎన్నో రోజు జ్వరమో, ఎవరికి ఇవాళ్టినించి అన్నం పెట్టొచ్చో ఆయనకి నోటికి వచ్చు, ఒకప్పుడు ఘాటీలు వచ్చినట్టే. "ఓలమ్మా, సల్లగాలికి నిలబడకు, లోపలికి రా," అని ఆయన వేసే కేక నా కొట్టులోకి వినిపించేది.

ఇంతలో ఓడ ఎక్కడో ఆగిపోయి నల్లపూసలు రావడం మానేశాయి. ఒక పొద్దున్న బావ గులాబీ టోపీతో బజారు మధ్యలో నడుచుకుంటూ నా కొట్టుకి వచ్చాడు. బజారంతా చూసింది. ఆయన చూడలేదు. సగ్గుబియ్యం కట్టమన్నాడు. నేను అలవాటుగా, "ఎవరికి బాగోనేదు?" అన్నాను.

"ఊరందరికీ, బామ్మర్దీ. బస్తా ఎత్తించు."

నవ్వాడు కూడా. నాకేం చెయ్యాలో తెలియక కాటా తుడిచాను.

బయటి సరుకు కొట్లో కనబడితే ఆ రోజే లైసెన్సు రద్దని కంపెనీ కాగితంలో ఉంది. ఆ సంగతి అక్కకి తెలుసు, బావకి తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. ముగ్గురం దాని గురించి మాట్లాడుకోలేదు. అప్పుడే మేనేజరు అమ్మాయి ఫోను వచ్చింది. వాళ్ళ ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్లు ఒక వింత కనిపెట్టాయట. ప్రపంచంలో ఉన్న అన్ని కొట్లలోనూ ఒక్క చోటే జనం సున్నా తీపి, సున్నా ఐసు, వేడిగా అడుగుతున్నారట. ఇది ఆరోగ్య స్పృహలో కొత్త పోకడ అని అక్కడ పెద్ద మీటింగు జరిగిందట. అంతర్జాతీయ విస్తరణ చూసే పెద్దమనిషి, ఎక్కడో విదేశాల్లో ఉండేవాడు, స్వయంగా చూడ్డానికి వస్తున్నాడట. జ్వరం తగ్గినవాళ్ళ పోకడ చూడ్డానికి విమానంలో.

ఆయన వచ్చే రోజున అక్క నన్ను పిలిపించింది. "ఒరే, బస్తా నీ కొట్టుకి పట్టుకెల్లిపో," అంది. నేను భుజాన వేసుకుని వెనక తలుపు తీశాను. సందు మొదట్లో కారు పట్టలేదు కాబట్టి పెద్దమనిషిని వెనక వైపు నించే తీసుకొచ్చారు. నేనూ, ఆయనా, బస్తా ఎదురుపడ్డాం. నేను బస్తాతోనే నమస్కారం పెట్టాను.

ఆయన బస్తాని చూసే స్థితిలో లేడు. ముందురోజు విశాఖపట్నంలో మనవాళ్ళు అతిథి మర్యాదలు చేసినట్టున్నారు. రొయ్యల వేపుడు, బిరియానీ, గోంగూర, వద్దన్నకొద్దీ వడ్డించి ఉంటారు. మనిషి వాడిన తోటకూర కాడలా ఉన్నాడు. పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. బావ ఆయన్ని ఒక్కసారి చూశాడు. లారీ డ్రైవర్ల కడుపులు చూసి చూసి ఉన్న కన్ను అది. రెండు ప్రశ్నలూ అడగలేదు. నా భుజం మీది బస్తాలోంచే గుప్పెడు తీసి, అప్పటికే మరుగుతున్న నీళ్ళలో పోశాడు.

మేనేజరు అమ్మాయి చూసింది. "సార్, అది మన పెర్ల్ కాదు కదా?" అంది.

అక్క గుమ్మం పట్టుకుంది. నాకు మేడ మీది మంచం కళ్ళముందు మెదిలింది. ఏదో ఒక అబద్ధం చెప్పు బావా అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"కాదమ్మా," అన్నాడు బావ గరిటె తిప్పుతూ. "మా బామ్మర్ది కొట్లోది. పథ్యానికి ఇదే తొరగా ఉడుకుతాది. కొట్టు మూయిస్తే మూయించండి. ముందు ఆయన్ని తాగనీండి."

పెద్దమనిషి తాగాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు. అది కూడా తాగి, ముఖం మీదకి కాస్త రంగు వచ్చాక, ఇది తాగితే జనానికి ఏమనిపిస్తుందో అడగమన్నాడు.

"ఏటనిపిస్తాది? ఆకలేస్తాది," అన్నాడు బావ.

ఆ రెండు ముక్కల్నీ ఆ అమ్మాయి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. చేతులతో కూడా చెప్పింది. పెద్దమనిషి తల ఊపుతూ రాసుకున్నాడు. బస్తా మాట ఆ రోజూ, ఆ తరవాతా ఎవరూ ఎత్తలేదు. కడుపు నిలబెట్టిన బస్తా మీద ఎవరు మాత్రం కేసు పెడతారు?

ఇప్పుడు ఆ కంపెనీ అన్ని దేశాల్లోనూ ఆ జావని అమ్ముతోంది. ప్రకటన బొమ్మలో మంచుకొండలు, ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని ధ్యానం చేస్తూ ఉంటుంది. టైఫాయిడ్ ముసలాయన లేడు. పేరు ఇంగ్లీషులో సున్నా, సున్నా, వెచ్చన అని అర్థం వచ్చేలా ఉంటుంది. అది తూర్పు దేశాల ప్రాచీన రహస్యమట. ఆ రహస్యం నా కొట్లో పావుకిలో పొట్లాల్లో వేలాడుతూనే ఉంది, ఎవరూ ప్రాచీనం అనలేదు. భోగాపురం విమానాశ్రయంలో కూడా కొట్టు పెడతారట. అక్కడ పనిచేయబోయేవాళ్ళకి నేర్పడానికి బావ వారానికోసారి బస్సులో వెళ్ళొస్తున్నాడు. పటంలో మా చుక్క మాత్రం ఇంకా సముద్రంలోనే ఉంది.

వానలు పడ్డాక నాకు జ్వరం వచ్చింది. పక్క ల్యాబు వాళ్ళే రక్తం తీశారు, పక్క డాక్టరే తల ఆడించాడు. నేను మంచమెక్కాను. రెండు రోజులు కొట్టు తెరవలేదు. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగిపోయాను. గోడ చాలా సుఖంగా ఉంటుందని, ఏమీ అడగదని అప్పుడు తెలిసింది.

మూడో రోజు పొద్దున్న, సరిగ్గా బావ కొట్టు రద్దీగా ఉండే వేళకి, గులాబీ టోపీ గుమ్మంలో కనిపించింది.

"ఏటి బామ్మర్దీ, బండి గేరేజీలో ఎట్టీసినావా?"

నేను నవ్వలేదు. ఆయన పట్టించుకోలేదు. మంచం పక్కకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మూతేసిన గ్లాసు, దానికి లావుపాటి స్ట్రా.

"పంచదార ఎంత, ఐసు ఎంత అని నిన్నడగను. ఆకలేస్తన్నాదా?"

"నేదు," అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

బావ గ్లాసు నా చేతిలో పెట్టాడు. మూత తీసి స్ట్రా సర్దాడు.

"నేనప్పుడు నేదంటే నువ్వు మేడ దిగి ఎల్లిపోనావు," అన్నాడు, కోపమేమీ లేకుండా. "నేనెల్లను. తాగు."

తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.